లెక్కల పీరియడ్‌లో ఒగ్గు డోలు

ఆరో తరగతికి కసాగు (కనిష్ఠ సామాన్య గుణిజం) చెప్పే రోజులు దగ్గర పడ్డాయంటే మా ఊళ్లో ఒగ్గు కథ చెప్పే పెద్దాయనకు కబురు పెడతాను. ఐనవోలు మల్లన్న జాతరకు ఏటా డోలు వేసుకుని పోయే మనిషి. ఆయన మనవరాలు మా బడిలోనే తొమ్మిదో తరగతి చదువుతోంది. కుర్చీ వేస్తే వద్దంటాడు, డోలు నిలబడే వాయించాలట.

కిటికీ వైపు పిల్లలు ప్రతి 4వ దెబ్బకు, తలుపు వైపు పిల్లలు ప్రతి 6వ దెబ్బకు చప్పట్లు కొట్టాలి. డోలు మొదలయ్యే ముందే అడుగుతాను: రెండు వైపుల చప్పట్లూ కలిసి పడేది ఎన్నో దెబ్బకు? నాలుగార్లు ఇరవై నాలుగు అని దాదాపు అందరూ అరుస్తారు. బోర్డు మీద 24 అని రాసి పెడతాను. పెద్దాయన మొదలుపెడతాడు. 4కు కిటికీ వైపు, 6కు తలుపు వైపు, 8కి మళ్లీ కిటికీ వైపు. 12వ దెబ్బకు గది మొత్తం ఒక్కసారే మోగుతుంది. చప్పట్లు కొట్టిన చేతులు అలాగే పట్టుకుని పిల్లలు బోర్డు వైపు చూస్తారు. "సార్, 24 ఇంకా రాలే కద!"

కసాగు నిర్వచనం చెప్పాల్సింది సరిగ్గా అప్పుడే: రెండు సంఖ్యల గుణిజాలు మొట్టమొదట కలిసే చోటు. 24కి కూడా కలుస్తాయి, కానీ అంతకంటే ముందే ఒకసారి కలిశాయి. ఎందుకు? 4లోనూ 6లోనూ 2 ఉంది. గుణించేటప్పుడు ఆ 2ను రెండుసార్లు లెక్కపెట్టాం. ఒకసారి తీసేస్తే 12. తర్వాత 5, 7 తీసుకుంటాం. వీటికి 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేదు కాబట్టి 35 దాకా ఆగాల్సిందే. ఆ ఎదురుచూపులో పిల్లల మొహాలు చూడాలి! 30 దాటాక ఎవరూ చెప్పకుండానే గొంతులు పెరుగుతాయి.

"ఇంత హడావుడి ఎందుకు, ఫోన్‌లో డోలు వినిపిస్తే సరిపోదా" అని తోటి టీచర్లు అడుగుతుంటారు. సరిపోదు. పోయినసారి ఒక పిల్ల లేచి "తాతా, జర నిమ్మళంగ కొట్టవా, నాకు ఎనిమిది కాడ తప్పుతాంది" అంది. ఆయన వేగం తగ్గించి, ప్రతి నాలుగో దెబ్బను ఆ పిల్ల కోసం ఒత్తి కొట్టాడు. ఇంకొకడు "8, 12 పెడదాం తాతా" అంటే అప్పటికప్పుడు ఆ రెండు చోట్లా దరువు మార్చాడు. రికార్డింగ్‌లో ఎవరో ఎప్పుడో వాయించిందే వస్తుంది. బడిలో సంఖ్య పిల్లవాడు చెప్పాలి, చెప్పగానే తాళం మారాలి, ముందు వేసుకున్న అంచనా వాడి చెవిలోనే తేలాలి. అందుకే నాకు మనిషి కావాలి. "రెండు వరుసలు గలిసే కాడనే మేం గట్టిగ కొడుతం సారూ, గదే లెక్కంటే నాకేమెరుక" అన్నాడాయన. మనవరాలు తలుపు దగ్గర నిలబడి వింటోంది. ఆ మాట తొమ్మిదో తరగతి అంతటికీ చేరింది.

పెద్ద తరగతులకు ద్విపద, అంటే రెండు పాదాల పద్యం. పాలకుర్తి మాకు దూరమేం కాదు. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు బసవపురాణం అంతా ద్విపదలో రాశాడు. మా తెలుగు మేడమ్ పిల్లలు రాసిన ద్విపదలే పాడతారు, నేను డోలక్ మీద లఘువుకు (పొట్టిగా పలికే అక్షరానికి) ఒక మాత్ర, గురువుకు (సాగదీసి పలికేదానికి) రెండు మాత్రలు వేస్తాను. గణమంటే గురులఘువుల చిన్న గుంపు. పాదంలో మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. ఇంద్రగణాలు ఆరు, సూర్యగణాలు రెండు. అంటే ఒక్క పాదం నడక 6×6×6×2, మొత్తం 432 రకాలు. రెండు పాదాలకు 432×432, అంటే 1,86,624.

"మరి ప్రాస సంగతేంది సార్?" అని ఒక పదో తరగతి పిల్లవాడు అడిగాడు. ఈ మధ్య నన్ను ఇంత సంతోషపెట్టిన ప్రశ్న లేదు. ప్రాస పాటిస్తే రెండో అక్షరంలో హల్లు కలవడం ఒక్కటే కాదు, దాని ముందున్న అక్షరం మొదటి పాదంలో గురువైతే రెండో పాదంలోనూ గురువే కావాలి, లఘువైతే లఘువే. ఇంద్రగణాల్లో నల, నగ, సల లఘువుతో మొదలవుతాయి. భ, ర, త గురువుతో. కాబట్టి రెండో పాదం మొదటి గణానికి ఆరు కాదు, మూడే దారులు. 432×216, అంటే 93,312. సరిగ్గా సగం! ప్రాస లేని మంజరీ ద్విపదకైతే ముందు వచ్చిన 1,86,624 మొత్తం ఉంటుంది. మేడమ్ అదే పద్యాన్ని ప్రాసతో ఒకసారి, ప్రాస లేకుండా ఒకసారి పాడారు. సగమైన దారులేవో పిల్లలు నోట్‌బుక్‌లో గురువు, లఘువు గుర్తులు పెట్టి వెతికారు. బెల్ కొట్టినా కొందరు లేవలేదు.

పక్క తరగతికి ఇబ్బంది లేకుండా ఇవన్నీ చివరి పీరియడ్‌లోనే పెట్టుకుంటాం. చప్పుడు ఎక్కువైతే వేపచెట్టు కిందికి పోతాం.

మీ ఊళ్లోనూ డోలో డప్పో చిరతలో వాయించేవాళ్లు తప్పకుండా ఉంటారు. పిలవండి. ఒక్క మాట మాత్రం మరవొద్దు: బడికి వచ్చిన రోజు వాళ్ల పని పోతుంది. స్వాతంత్ర్య దినోత్సవానికి పిలిచినట్టు శాలువా కప్పి పంపించొద్దు. ఆ రోజు కూలి డబ్బులు ముందే మాట్లాడుకుని, చేతికి ఇచ్చి పంపండి.