మా రోడ్ల మీద తిప్పి చూశాం

అక్టోబర్ 12, 2025, ఆదివారం. సింగ్ నగర్, విజయవాడ.

దసరా రద్దీ తగ్గాక వెళ్దాంలే అని ఆగాం, ఇవాళ టిఫిన్లు అవ్వగానే ఆటో మాట్లాడుకుని అమ్మని కూడా తీసుకుని కార్ల షోరూమ్‌కి వెళ్లాం. అమ్మ ఎందుకు ఎండలో, ముందు మనిద్దరం చూసొద్దాం అన్నారు ఈయన, కానీ కొనేదే సగం అమ్మ కోసం అయినప్పుడు అమ్మ కూర్చోకుండా ఏం చూస్తాం. మంగళగిరి ఎయిమ్స్‌కి చెకప్‌కి వెళ్లొస్తే చాలు, ఆటో కుదుపులకి ఆ రాత్రంతా మోకాళ్లు నొక్కుకుంటానే ఉంటది. మిగతా సగం నా కోసం, రోజూ గుంటూరు బ్రాడీపేటలో ఆఫీసు, బస్సుల్లో పడి వెళ్లి రావడం ఇక నా వల్ల కావట్లేదు.

పాత చిన్న కారు పోయినేడాది సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్లలో పోయింది. ఇంటి ముందు పెట్టింది పెట్టినట్టే సీట్ల పైదాకా మునిగి అలాగే నానింది, దీని మీద డబ్బులు పెట్టడం దండగమ్మా అన్నాడు ఆటోనగర్ మెకానిక్. అప్పటినుంచి మా వీధిలో ఎవరు కారు కొన్నా ఎత్తుండేదే కొంటున్నారు.

జీఎస్టీ తగ్గడం మాత్రం బాగా కలిసొచ్చింది. 4 మీటర్ల లోపు పొడవు, పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటకపోతే సెప్టెంబర్ 22 నుంచి 18 శాతమే, అంతకుముందు సెస్సుతో కలిపి పెట్రోల్‌కి 29, డీజిల్‌కి 31 ఉండేది. 2006 బడ్జెట్‌లో చిన్న కార్లకి సుంకం తగ్గించినప్పుడు గీసిన గీత ఇది, అందుకే ఈ చిన్న ఎస్‌యూవీల్లో చాలావరకు కొలిచి కోసినట్టు 3995 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతాయి. మారుతి బ్రెజా నాకు ఇష్టమే గానీ దాని పెట్రోల్ ఇంజిన్ 1462 సీసీ, పొడవు లోపలే ఉన్నా 40 శాతంలోకి పోయింది. అలా తీసేసుకుంటా వస్తే మా బడ్జెట్‌కి టాటా వాళ్ల పంచ్, నెక్సాన్ మిగిలాయి, ఒకటి 5.5 లక్షల దగ్గర, ఇంకోటి 7.3 లక్షల దగ్గర మొదలు, ఎక్స్ షోరూమ్.

ముందు అమ్మని ఎక్కించాం. ఇది మాత్రం తీరిగ్గా రాసుకోవాలి, ఎందుకంటే ఏ వీడియోలోనూ ఎవరూ చెప్పలేదు. పాత కారు సీటు కిందకి ఉండేది, కూర్చోవడమంటే గోతిలోకి దిగినట్టు, లేచేటప్పుడు నేను చెయ్యిచ్చి లాగాలి. పెద్ద ఎస్‌యూవీలేమో కాలు ఎత్తి మెట్టు మీద పెట్టి ఎక్కాలి, అది అమ్మ వల్ల కాదు. ఈ రెండిట్లో సీటు సరిగ్గా అమ్మ నడుము ఎత్తులో ఉంది, ముందు పక్కకి తిరిగి కూర్చుంది, తర్వాత ఒక్కో కాలు లోపలికి తెచ్చుకుంది, ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. పంచ్‌కి తలుపులు 90 డిగ్రీలు తెరుచుకుంటాయి, అది అమ్మకి బాగా నచ్చింది, చీర కుచ్చిళ్లు ఎక్కడా తగలకుండా తీరిగ్గా దిగింది. నెక్సాన్‌లో తలుపు అంత వెడల్పుగా తెరుచుకోదు గానీ వెనక సీట్లో భుజాలకి చోటు ఎక్కువ, వెనక్కి ఏసీ గాలి వచ్చే వెంట్లు కూడా ఉన్నాయి, మే నెలలో ఈ ఊళ్లో వెనక కూర్చునేవాళ్లకి అది ప్రాణం. దేంట్లో బావుందమ్మా అనడిగితే దిగడానికి అది, కూర్చోడానికి ఇది అంది. రెండుసార్లు ఎక్కి దిగి మరీ చెప్పింది.

టెస్ట్ డ్రైవ్ అంటే సేల్స్ అబ్బాయి షోరూమ్ ముందు నుంచి హైవే ఎక్కించి యూటర్న్ కొట్టించి తెచ్చేద్దామని చూశాడు. అక్కడ నున్నటి రోడ్డు, ఏ బండైనా బాగానే ఉంటది. తమ్ముడూ, మా ఇంటిదాకా వెళ్లొద్దాం అన్నాను. అంత దూరమా మేడమ్ అన్నాడు, మేనేజర్‌ని అడిగొచ్చాడు, పాపం చివరికి ఒప్పుకున్నాడు. ముందు నెక్సాన్ తీశాం, ఏలూరు రోడ్డు, బీఆర్టీఎస్ రోడ్డు, సింగ్ నగర్ ఫ్లైఓవర్ దిగి పైపుల రోడ్డు వైపు, నలుగురం కూర్చునే. స్పీడ్ బ్రేకర్ల దగ్గర పాత కారుకి అడుగు తగిలిన చప్పుడు నా చెవుల్లో ఇంకా ఉంది, వస్తుందేమోనని చూశాను, ఒక్కచోట కూడా రాలేదు. దీనికి కింద 208 మిల్లీమీటర్లు ఖాళీ, పంచ్‌కి 187. గుంతల్లో మెల్లగా పోయినప్పుడు సస్పెన్షన్ కొంచెం గట్టిగా అనిపించినా నడుముకి కొట్టలేదు, అమ్మ వెనక నుంచి ఆటో కంటే నయం కాదే, అసలు పోలికే లేదే అంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మూడు సిలిండర్ల ఇంజిన్ సన్నగా వణుకుద్ది, అది ఈ రకం ఇంజిన్లన్నిటికీ ఉండేదే, కదిలాక తెలీదు.

మా సందులోకి వచ్చాక ఈయన జేబులోంచి టేప్ తీశారు. నెక్సాన్ వెడల్పు 1804 మిల్లీమీటర్లు, పంచ్ 1742, అద్దాలు కాకుండా. పక్కింటి వాళ్ల అరుగు దగ్గర అద్దాలు మడిస్తే గానీ నెక్సాన్ దూరలేదు, లోపలికి వెళ్లాక గేటు పడింది, వెనక డిక్కీ తెరవడానికి చోటు కూడా మిగిలింది. తర్వాత మళ్లీ వెళ్లి పంచ్ తెచ్చి అదే దారిలో తిప్పాం. సందులో హాయిగా తిరిగింది, దాన్నే తీసుకుందామా అని నా మనసు నిజంగానే ఊగింది.

కానీ వారధి దాటి తాడేపల్లి వైపు కొంచెం దూరం పోయేసరికి తేడా తెలిసింది. పంచ్‌ది టర్బో లేని మామూలు ఇంజిన్, 88 హార్స్ పవర్, లారీని దాటాలంటే గేరు దించి కాసేపు ఆగాలి. నెక్సాన్ టర్బో 120, కాలు నొక్కగానే ముందుకి దూకుద్ది. నాకు రోజూ అదే రోడ్డు, లారీల పక్కన ఎంత తక్కువసేపు ఉంటే అంత మంచిది, అందుకే నెక్సాన్‌కే మొగ్గాను. రెండిటికీ క్రాష్ టెస్టుల్లో 5 స్టార్లు ఉన్నాయి, నెక్సాన్‌కి 2018లోనే వచ్చింది, మన దేశంలో తయారైన కార్లలో మొదట వచ్చింది దానికే, ఈ విషయంలో నేను దేన్నీ తగ్గించుకోను.

పెట్రోల్ లెక్క ఇంటికొచ్చి వేశాను. పోనూ రానూ 70 కిలోమీటర్లు, లీటరుకి 14 ఇచ్చినా 5 లీటర్లు, లీటరు 110 అనుకుంటే రోజుకి 550. గుండె గుభేల్‌మంది. దారిలో కాజ టోల్‌కి మాత్రం ఈ 2025లో 3000 పెట్టి ఫాస్టాగ్ యాన్యువల్ పాస్ తీసుకుంటే 200 ట్రిప్పులు. సీఎన్‌జీ తీసుకుందామన్నారు ఈయన, డిక్కీ 382 లీటర్ల నుంచి 321కి తగ్గుద్ది, అది పర్లేదు, ఆఫీసు టైంలో బంకు దగ్గర క్యూలో నిలబడాల్సింది నేను గదా. వారంలో మూడు రోజులు కారు, మిగతా రోజులు బస్సు అని చివరికి తేల్చుకున్నాం.

ఆటోమేటిక్‌లో కొంచెం పైవేరియంట్ కావాలంటే ధర పది లక్షలకి దగ్గరపడుద్ది. దాటిందంటే లైఫ్ టాక్స్ స్లాబు మారుద్ది, మీద 1 శాతం టీసీఎస్, అంటే అమ్మేవాళ్లే వసూలు చేసే ఆదాయపు పన్ను, ముందే కట్టాలి, అది రిటర్న్‌లో తిరిగొచ్చినా చేతిలోంచి అయితే పోద్ది. సన్‌రూఫ్ నేనే తీసేయమన్నాను, ఈ ఎండల ఊళ్లో నెత్తిమీద అద్దం ఎందుకు.

ఇంకోటి, మా వీధిలో అందరికీ చెప్పాలనుకుంటున్నది. బుడమేరు మళ్లీ వస్తే 208 మిల్లీమీటర్లు ఏ మూలకీ రావు. నీళ్లలో మునిగిన బండిని స్టార్ట్ చేస్తే సిలిండర్లలోకి నీళ్లు పోయి ఇంజిన్ పట్టేసుద్ది, మామూలు ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నా ఆ ఇంజిన్ రిపేరుకి సాధారణంగా డబ్బులు రావు, ఇంజిన్ ప్రొటెక్ట్ అని విడిగా రాయించుకోవాలి. ఇవాళ ఇచ్చిన కొటేషన్‌లో ఫ్లోర్ మ్యాట్లు ఉన్నాయి, సీటు కవర్లు ఉన్నాయి, అది లేదు.

ధనత్రయోదశికి డెలివరీ ఇచ్చేస్తాం, ఇవాళే అడ్వాన్స్ కట్టండి అన్నాడా అబ్బాయి. ముందు ఇంజిన్ ప్రొటెక్ట్ కలిపి, మ్యాట్లు, సీటు కవర్లు తీసేసి కొత్త కొటేషన్ పంపమన్నాను. రేపు సాయంత్రంలోగా వస్తే మంగళవారం కాకుండా బుధవారం కడదాం అంది అమ్మ. రంగు తెలుపు.