కొవ్వు గడ్డే, కానీ ఎక్కడిది?

ఇవాళంతా మనసు ఒక్క సీటీ స్కాన్ మీదే ఉండిపోయింది. అమలాపురం పక్క పల్లె నుంచి వచ్చిన కొబ్బరి రైతు. నొప్పి లేదు, జ్వరం లేదు. పొట్ట మెల్లగా పెరుగుతోంది, నాలుగు ముద్దలు తినేసరికి నిండిపోతోంది. గ్యాస్ అనుకుని మాత్రలు వేసుకుంటూ వచ్చారట. అల్ట్రాసౌండ్‌లో గడ్డ కనిపించాక సీటీ తీసి చూడమని మా దగ్గరికి పంపారు.

గడ్డ మీద కర్సర్‌తో చిన్న సున్నా చుడితే మైనస్ 105 అని చూపించింది. సీటీ లెక్కలో నీళ్లు సున్నా, కొవ్వు మైనస్ 100కి అటూఇటూ. కాబట్టి కొవ్వే. మరి ఎక్కడి కొవ్వు? కిడ్నీలో పుట్టిందైతే యాంజియోమయోలైపోమా. క్యాన్సర్ కాకపోయినా 4 సెంటీమీటర్లు దాటితే లోపల రక్తస్రావం భయం పెరుగుతుంది. కిడ్నీ పైన ఉండే అడ్రినల్ గ్రంథిలోదైతే మైలోలైపోమా, అందులో ఎముక మజ్జ కణాలూ ఉంటాయి. పేగుల వెనక, వెన్ను వైపు పుట్టిన పెద్ద గడ్డకు మాత్రం మామూలు లైపోమా, అంటే క్యాన్సర్ కాని కొవ్వు గడ్డ, అని రాయడానికి నాకు చెయ్యి రాదు. అక్కడ లైపోమా చాలా అరుదు, లైపోసార్కోమా అనే క్యాన్సరే ముందు గుర్తు రావాలి.

ఈయన కిడ్నీల అంచులు ఎక్కడా చెదరలేదు. అడ్రినల్స్ విడిగా కనిపిస్తున్నాయి. గడ్డ ఉన్నది పేగులను పట్టి ఉంచే పొరలో, మీసెంటరీలో. పేగుల్ని పక్కకు నెట్టిందే గానీ చొరబడలేదు. లోపల మందపాటి అడ్డుగోడలున్నాయా, కండలాంటి ముద్ద ఎక్కడైనా కాంట్రాస్ట్ (స్కాన్ కోసం రక్తంలోకి ఎక్కించే మందు) పట్టిందా అని ఒక్కో స్లైసూ చూశాను. అవి ఉంటే క్యాన్సర్‌ను అనుమానించాలి. లేవు. "కొవ్వు గడ్డ, భయం లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేసే రిపోర్టులంటే నాకు గిట్టదు. ఏమేం లేవో కూడా రాయాలి.

"నెయ్యి మానేస్తే కరిగిపోద్దా అమ్మా?" అని అడిగారాయన. "కరగదు బాబాయ్ గారూ, తిండితో వచ్చింది కాదు" అన్నాను. "ఆయ్" అన్నారు గానీ మొహంలో నమ్మకం కనపడలేదు. కొడుకు టెన్షన్‌గా పక్కకు వచ్చి, "సూదితో ముక్క తీసి చూస్తే చాలదా మేడమ్?" అన్నాడు. ఇంత పెద్ద గడ్డలో సూది పడిన చోట మంచి కొవ్వే దొరికి, తేడా ఉన్న చోటు తప్పిపోవచ్చు. పైగా ఆయన తినలేకపోతున్నారు, ఎలాగూ తీయాల్సిందే. నాకు మంచి గడ్డలాగే అనిపిస్తోందని, మొత్తం తీసి పాథాలజీకి, అంటే మైక్రోస్కోప్ కింద పరీక్షకు, పంపితేనే ఖాయంగా తేలుతుందని ఉన్నదున్నట్టు చెప్పాను.

సాయంత్రం కాకినాడలో సర్జన్‌గారికి ఫోన్ చేశాను. పేగుకు రక్తం తెచ్చే నాళాలు గడ్డ మీదుగా ఎలా సాగి వెళ్తున్నాయో వివరంగా చెప్పాను. అవి దెబ్బతింటే కొంత పేగు కూడా తీసేయాల్సి వస్తుంది. పాథాలజీలో ఏమాత్రం అనుమానం వచ్చినా ఎండీఎం2 జన్యు పరీక్ష చేయించమని అడిగాను. అచ్చం కొవ్వులా కనిపించే లైపోసార్కోమాలో ఆ జన్యువు కాపీలు పెరిగి ఉంటాయి, లైపోమాలో పెరగవు. సోమవారానికి బెడ్ ఇస్తామన్నారు. కొడుక్కి ఆ మాట చెప్పి, సీడీ, రిపోర్టు తప్పకుండా వెంట తీసుకెళ్లమన్నాను.