మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య

పాదం మొదటిసారి మొద్దుబారింది నార్కట్‌పల్లి దగ్గర. హైదరాబాద్ నుంచి విజయవాడ రోడ్డు మీద 200 కిలోమీటర్ల బ్రెవే, అంటే గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ ప్రయాణం. పదమూడున్నర గంటల్లో వెళ్లి తిరిగి రావాలి. కుడి అరికాలి ముందు భాగంలో మంట మొదలైంది. పెడల్ మీద కాదు, కుంపటి మీద కాలు పెట్టినట్టుంది. కాసేపటికి మంట పోయింది. హమ్మయ్య అనుకున్నాను. పోయింది మంట ఒక్కటే కాదు, స్పర్శ కూడా. మూడో వేలు, నాలుగో వేలు ఉన్నాయో లేవో తెలియలేదు.

అప్పుడు నేను చేసిన ఘనకార్యం చెప్పుకోవాలి. బూటులో కాలు జారుతోందేమో అనుకుని పట్టీలు ఇంకో రవ్వ బిగించాను.

మా నాన్నకు ఇరవై ఏళ్లుగా షుగర్. ఒకసారి కూరగాయల సంచీతో ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఒక కాలికే చెప్పు ఉంది. రెండోది ఎక్కడ జారిపోయిందో ఆయనకు తెలియనే తెలియదు. తిరుగు ప్రయాణం పొడవునా నా కళ్ల ముందు ఆ ఒంటి చెప్పే.

ఇంట్లో చెప్పగానే అమ్మ, "అరికాళ్ల మంటలా? ముందు రక్తం చూపించుకో నాయనా" అంది. పక్కింటాయనా అదే మాట, ఆఫీసులోనూ అదే మాట. పరగడుపున రక్తం ఇచ్చాను. రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 5.4 వచ్చింది, అంటే మామూలే. విటమిన్ బీ12 కూడా సరిగానే ఉంది. ఆ కాగితాలతో ఎముకల డాక్టరు దగ్గరికి వెళితే ఆయన వాటిని పక్కన పెట్టి, పాదాన్ని రెండు వైపుల నుంచి గుప్పిట్లో నొక్కి, మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య బొటనవేలితో ఒత్తారు. ప్రాణం జివ్వుమంది.

"షుగర్ లేదు, బూటు ఉంది" అన్నారు.

వేళ్ల మొదట్లో ఉండే ఎముకల సందుల్లోంచి నరాలు వెళతాయి. బూటు ఇరుకైతే ఆ ఎముకలు దగ్గరికి జరిగి నరాన్ని నలిపేస్తాయి. ఎండలో గంటల తరబడి తొక్కితే పాదం ఉబ్బుతుంది, బూటు ఉబ్బదు. ఇలాగే ఏళ్ల తరబడి లాగితే నరం చుట్టూ పొర మందమెక్కుతుంది, దాన్నే మోర్టన్ న్యూరోమా అంటారు. నాది అంతవరకు రాలేదని చెప్పి, ఆరు వారాలు ఆ బూట్ల జోలికి వెళ్లవద్దన్నారు.

ఇంటికొచ్చి బూటు లోపలి అట్ట బయటికి లాగి నేల మీద పరిచి చూశాను. నాలుగు వేళ్ల గుంటలు అచ్చు పడ్డాయి, చిటికెనవేలి గుంట లేదు. అట్ట మీద నిలబడితే పాదం అంచు దాటి అర అంగుళం బయటికి వచ్చింది. అంటే రెండేళ్లుగా చిటికెనవేలు పక్క వేలి మీదెక్కి ప్రయాణం చేసిందన్నమాట! పాపం, టిక్కెట్టు లేకుండా.

ఆరు వారాలూ మామూలు పెడళ్లు, శాండిళ్లు. తర్వాత సాయంత్రం పూట, కాళ్లు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, వెడల్పు బూట్లు కొన్నాను. బూటు అడుగున ఉండి పెడల్‌కు బిగుసుకునే ముక్కను, అదే క్లీటును, కొన్ని మిల్లీమీటర్లు మడమ వైపు జరిపి, సీటు కూడా రవ్వంత దించాను. బలం చూపించుకోవడానికి బరువైన గేరులో తొక్కే అలవాటు మానడమే అన్నిటికంటే కష్టమైంది. ఇప్పుడు తేలిక గేరులో నిమిషానికి 85, 90 సార్లు తిప్పుతున్నాను. అరికాలి మెత్త విషయంలో మాత్రం తప్పు చేశాను. నొప్పి ఉన్న చోటే సరిగ్గా కింద అంటించాను, నొప్పి రెట్టింపైంది. అది ఎముకల గుబ్బల కింద కాదు, వాటికి కాస్త వెనక, మడమ వైపు ఉండాలి. అక్కడ పెట్టాక వేళ్ల సందులు విచ్చుకున్నట్టు అనిపించింది. ఆ రెండు వేళ్లకు పూర్తి స్పర్శ రావడానికి మూడు నెలలు పట్టింది.

నిరుడు చలికాలంలో అదే రోడ్డు మీద 300 కిలోమీటర్ల బ్రెవే చేశాను. గంటకోసారి పట్టీలు వదులు చేయడం, ఆగిన ప్రతిచోటా బూట్లు విప్పడం నియమంగా పెట్టుకున్నాను. సూర్యాపేట దగ్గర టీ కొట్టు బల్ల మీద కూర్చుని, సాక్సులు కూడా తీసి వేళ్లు ఆడిస్తున్నాను. కొట్టతను నా పాదాల వైపు జాలిగా చూశాడు.

"షుగరా సార్?"

జవాబు చెప్పేలోపే లోపలికి వెళ్లి, చక్కెర లేకుండా విడిగా కాచిన టీ తెచ్చి చేతికిచ్చాడు. ఏమీ అనలేక తాగేశాను.