పరాయి పొయ్యి మీద సులువైన వంట

విదేశంలో అద్దె ఇంట్లోనో, ప్రయాణికుల వసతి గృహంలోనో దిగినవారికి వంట విషయంలో ముందుగా ఎదురయ్యే కష్టం సరుకులు దొరకకపోవడమేనని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో సరుకులు దాదాపు ఎక్కడైనా దొరికాయి. ఉల్లిపాయ, బంగాళాదుంప, గుడ్డు, బియ్యం, ఏదో ఒక పప్పు లేని అంగడి నాకు చాలా అరుదుగా తారసపడింది. మారిపోయేవి సెగ, నీరు, కొలత. ఏళ్ల తరబడి చేతికి అలవాటైన వంటకం పరాయి దేశంలో వేరే రుచితో దిగిందంటే కారణం చాలావరకు ఈ మూడింటిలోనే ఉంటుంది. అందుకే కొత్త ఊరు చేరిన తొలి రోజుల్లో నాలుగైదు సరుకులకు మించని వంటకాలనే వండుతాను. సరుకులు తక్కువైన కొద్దీ ఏది ఎందువల్ల మారిందో నాలుకకు స్పష్టంగా తెలుస్తుంది.

సెగతో మొదలుపెడతాను. గ్యాస్ మంటకు అలవాటుపడిన కంటికి విద్యుత్ పొయ్యి ఏమీ చెప్పదు. గాజు పలక కింద తీగ ఎర్రబడే రకం పొయ్యి వేడెక్కడానికి ఆలస్యం చేస్తుంది, ఆపివేసిన తరువాత కూడా చాలాసేపు వేడిని వదలదు. అలాంటి పొయ్యి మీద వెల్లుల్లి వేయించేటప్పుడు మీట తిప్పితే సరిపోదు, గిన్నెనే పక్కకు జరపాలి. ఇండక్షన్ పొయ్యి దీనికి పూర్తిగా విరుద్ధం. అది గిన్నె అడుగునే నేరుగా వేడి చేస్తుంది కాబట్టి మీట తగ్గించగానే సెగ తగ్గుతుంది. అయితే అడుగు భాగానికి అయస్కాంతం అంటుకునే గిన్నెలే దాని మీద పనిచేస్తాయి, మామూలు అల్యూమినియం గిన్నెలు, రాగి గిన్నెలు వేడెక్కవు. ఇంటి నుంచి ఇష్టంగా తెచ్చుకున్న బాణలి అక్కడ పనికివస్తుందో లేదో బయలుదేరే ముందు చిన్న అయస్కాంతంతో చూసుకోవచ్చు. ఏ పొయ్యి దగ్గరైనా నేను ముందుగా చేసే పని ఒకటుంది. కొలిచిన అర లీటరు నీటిని మూతపెట్టి కాచి, మరగడానికి ఎంతసేపు పట్టిందో చూస్తాను. ఆ ఒక్క పరీక్షతో పొయ్యి బలం, గిన్నె మందం రెండూ తెలుస్తాయి.

విద్యుత్ పరికరాలను వెంట తీసుకువెళ్లేవారు వోల్టేజీని తప్పక చూసుకోవాలి. యూరప్‌లో 230 వోల్టులు, అమెరికాలో 120, జపాన్‌లో 100 వోల్టులు ఉంటాయి. 230 వోల్టుల కోసం తయారైన కెటిల్‌ను అమెరికాలో పెడితే దాని శక్తి సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది, నీరు గోరువెచ్చన దాటడానికే చాలాసేపు పడుతుంది. 120 వోల్టులకే తయారైన అమెరికా పరికరాన్ని యూరప్‌లో పెట్టడం అంతకంటే ప్రమాదం, అది కాలిపోతుంది. ప్లగ్గు ఆకారం మార్చే అడాప్టర్ వోల్టేజీని మార్చదు.

నీటి సంగతి చాలామందికి తట్టదు. సముద్ర మట్టం నుంచి ప్రతి 300 మీటర్ల ఎత్తుకు నీరు మరిగే వేడిమి సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. బొలీవియాలోని లా పాజ్ సుమారు 3,600 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ నీరు 88 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోతుంది. కుతకుత ఉడుకుతున్నట్లు కంటికి కనిపించినా గింజకు అందవలసిన వేడి అందదు. సెగ పెంచితే నీరు త్వరగా ఆవిరి కావడమే తప్ప వేడిమి పెరగదు. కొండ ప్రాంతాల్లో ప్రెషర్ కుక్కర్ లేకుండా పప్పు ఉడికించడం గంటల పని కావడానికి కారణం ఇదే. కుక్కర్ లేని వసతిలో దిగినప్పుడు నేను శనగలు, రాజ్మా వంటి గట్టి గింజల జోలికి వెళ్లకుండా ఎర్రని మసూర్ పప్పుతో సరిపెట్టుకుంటాను. పొట్టు తీసి బద్దలుగా విడగొట్టిన ఆ పప్పు నానబెట్టకపోయినా మైదాన ప్రాంతంలో ఇరవై నిమిషాలలోపే మెత్తబడుతుంది.

ఎత్తుతో సంబంధం లేని చిక్కు మరొకటి ఉంది. లండన్ వంటి నగరాల్లో కొళాయి నీరు కఠినజలం. అందులోని కాల్షియం, మెగ్నీషియం గింజల పొట్టులో ఉండే పెక్టిన్ అనే జిగురు పదార్థాన్ని గట్టిపరుస్తాయి కాబట్టి ఎంతసేపు ఉడికించినా పొట్టు మొండిగానే మిగులుతుంది. రాత్రి నానబెట్టే నీటిలో ఉప్పు కలిపితే సోడియం ఆ ఖనిజాల స్థానాన్ని కొంత ఆక్రమించి పొట్టును మెత్తబరుస్తుంది. ఉడికేటప్పుడు చిటికెడు వంట సోడా కూడా ఆ పనే చేస్తుంది గానీ, ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది కాబట్టి నేను ఉప్పు పద్ధతికే మొగ్గుతాను. రాజ్మా విషయంలో మాత్రం ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. పచ్చి రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విష పదార్థం ఉంటుంది. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీరు పారబోసి, కొత్త నీటిలో తెర్లేటట్లు ఉడికిస్తేనే అది నశిస్తుంది. అద్దె ఇళ్లలో తరచుగా కనిపించే స్లో కుక్కర్‌లో గింజలను నేరుగా వేస్తే వేడిమి చాలక విషం అలాగే మిగిలిపోతుంది. డబ్బాల్లో అమ్మే రాజ్మా ముందే ఉడికినది కనుక దానితో ఈ భయం లేదు.

కొలతల గురించి క్లుప్తంగా చెబుతాను. అమెరికా వంటకాల్లోని కప్పు సుమారు 237 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియా కప్పు 250, జపాన్ కప్పు 200, జపాన్ రైస్ కుక్కర్‌తో వచ్చే బియ్యపు కప్పు 180. పెద్ద చెంచా అన్ని చోట్లా 15 మిల్లీలీటర్లే అనుకుంటే ఆస్ట్రేలియాలో అది 20. ఉప్పు మరీ చిత్రం. పెద్ద పలుకులున్న కోషర్ ఉప్పు కొన్ని రకాల్లో ఒక చెంచా తూకం సన్న ఉప్పులో సగమే ఉంటుంది. గోధుమ పిండి సంచి మీది అంకె కూడా దేశాన్ని బట్టి మారుతుంది. జర్మనీలో 405, 550, 1050 అని రాసి ఉండేది నూరు గ్రాముల పిండిని కాల్చినప్పుడు మిగిలే బూడిద ఎన్ని మిల్లీగ్రాములన్నది. అంకె పెరిగిన కొద్దీ తవుడు భాగం ఎక్కువ. రొట్టెలు చేసుకోవడానికి నాకు 1050 నచ్చింది, 405 పిండితో చేసినవి చల్లారగానే సాగుతాయి.

ఇక బియ్యం. కొత్త దేశంలో సంచి మీద ఏమి రాసి ఉందో అర్థం కాకపోయినా గింజ ఆకారం చాలా విషయాలు చెబుతుంది. పొడుగు గింజ బాస్మతిలో అమైలోజ్ అనే రకం పిండి పదార్థం ఎక్కువ, అన్నం విడివిడిగా వస్తుంది. పొట్టి గింజ జపాన్ బియ్యంలో అమైలోజ్ తక్కువ, అన్నం అంటుకుంటుంది. ఇటలీలో రిసోటో అనే మెత్తని అన్నపు వంటకం కోసం అమ్మే అర్బోరియో బియ్యం పైపిండి వదిలి చిక్కని జావలా మారుతుంది. దానితో పొడి అన్నం వండాలని పట్టుబట్టడం కంటే నెయ్యి, మిరియాలు వేసి పొంగలిలా మెత్తగా వండుకోవడమే దానికి న్యాయం చేయడం. తెలియని బియ్యానికి అత్తెసరు పెట్టడం కంటే విస్తారంగా ఎసరు పెట్టి, గింజ పలుకు పోగానే వార్చడం మేలని నా అభిప్రాయం. వార్చే పద్ధతిలో నీటి లెక్క తప్పే అవకాశం లేదు, గిన్నె పలుచనిదైనా అడుగంటదు.

పరాయి దేశాల వంటకాల్లో నేను అందరికంటే ముందు ఇటలీకి రుణపడి ఉన్నాను. స్పగెటీ అనే పొడుగు పోగుల పాస్తా, వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఎండుమిరపకాయ, ఉప్పు తప్ప మరేమీ అక్కరలేని ఆల్యో ఎ ఓల్యో అనే వంటకం నాకు సెగ మీద, నీటి మీద ఉన్న అవగాహననంతా ఒకే పళ్లెంలో పరీక్షిస్తుంది. మనిషికి వంద గ్రాముల స్పగెటీ, దానికి ఒక లీటరు నీరు, పది గ్రాముల ఉప్పు. ఒక పక్క అది ఉడుకుతుండగా మరో పక్క చల్లని నూనెలోనే సన్నగా తరిగిన వెల్లుల్లి వేసి సన్నని సెగ మీద పెట్టాలి. మనం తాలింపుకు నూనె బాగా కాగిన తరువాత ఆవాలు వేస్తాం, ఇక్కడ మాత్రం నూనె, వెల్లుల్లి కలిసి నెమ్మదిగా వేడెక్కాలి. అప్పుడే వెల్లుల్లి పరిమళం మాడకముందే నూనెలోకి దిగుతుంది. ముక్కలు లేత బంగారు రంగు తిరగగానే మిరపకాయ తుంచి వేసి పొయ్యి మీద నుంచి దించాలి. పొట్లం మీద రాసిన సమయానికి రెండు నిమిషాల ముందే స్పగెటీని తీసి ఈ నూనెలో వేసి, అది ఉడికిన నీటిని రెండు గరిటెలు పోసి, సెగ పెంచి ఆపకుండా కలపాలి. ఆ నీటిలోని పిండి పదార్థం నూనెను, నీటిని విడిపోకుండా పట్టి ఉంచుతుంది. పళ్లెం అడుగున నూనె తేలకుండా ప్రతి పోగుకూ మెరిసే పూత అంటుకుంటే వంట కుదిరినట్లే. ఆ పిండి నీటిని పారబోసే అలవాటు ఉన్నంతకాలం పాస్తా ఎవరికీ రుచించదని నాకు గట్టి నమ్మకం.

స్పెయిన్‌లో నేర్చుకున్న బంగాళాదుంపల గుడ్డట్టు కూడా అటువంటిదే. అర కిలో దుంపలు, ఒక ఉల్లిపాయ, ఐదు గుడ్లు, ధారాళంగా ఆలివ్ నూనె, ఉప్పు. ఉల్లిపాయ వేయాలా వద్దా అన్నది ఆ దేశంలో నేటికీ తెగని వాదం. నేను వేసే పక్షాన ఉన్నాను. పలుచగా తరిగిన దుంపలు నూనెలో రంగు మారకుండా మగ్గాలి, కరకరలాడకూడదు. తరువాత నూనె వంచేసి, గిలకొట్టిన గుడ్లలో ఆ ముక్కలను పది నిమిషాలు నాననివ్వడం అసలు కీలకం. దుంప గుడ్డును కొంత పీల్చుకుని రెండూ ఒకటవుతాయి. అడుగు భాగం గట్టిపడిన తరువాత బాణలి మీద పళ్లెం బోర్లించి, ఒక్కసారిగా తిరగేసి, రెండో వైపు కాల్చాలి. చల్లారినా రుచి తగ్గదు కనుక మరునాటి రైలు ప్రయాణానికి ఇంతకంటే మంచి భోజనం నాకు తెలియదు.

శాకాహారులకు జపాన్ కష్టమైన దేశం. కూరగాయలు మాత్రమే కనిపించే పులుసులో కూడా ఎండబెట్టిన బోనిటో చేప తురుముతో తీసిన దాషి అనే చారు తరచుగా కలిసి ఉంటుంది. కానీ అదే దేశం దానికి పరిష్కారమూ ఇచ్చింది. 1908లో కికునాయె ఇకెదా అనే రసాయన శాస్త్రవేత్త కొంబు అనే సముద్రపు నాచులోని ప్రత్యేక రుచికి మూలం గ్లుటమేట్ అని కనుగొని ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. లీటరు చల్లని నీటిలో పది గ్రాముల కొంబు అరగంట నానబెట్టి, నెమ్మదిగా కాచి, మరగడానికి ముందే తీసివేస్తే చేప లేని దాషి సిద్ధమవుతుంది. మరగనిస్తే చేదు, జిగురు దిగుతాయి. ఎండు షిటాకే పుట్టగొడుగులు రెండు నానబెట్టిన నీరు కలిపితే ఆ రుచి ఇంకా నిండుగా ఉంటుంది. అందులో ముల్లంగి, క్యారెట్ ముక్కలు వేసి ఉడికించుకున్న పులుసు చలికాలంలో నాకు ఎంతో ఆసరాగా ఉండేది.

సామానులో మసాలాలు నింపుకు వెళ్లడం గురించి నా అభిప్రాయం స్పష్టం. పసుపు, జీలకర్ర, ఎండుమిరప చిన్న పొట్లాలుగా చాలు. ఐరోపా సమాఖ్య దేశాలలోకి బయటి దేశాల నుంచి ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు సాధారణంగా తీసుకురాకూడదు, నెయ్యి, పాలకోవా కూడా ఆ లెక్కలోకే వస్తాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఆహార పదార్థం ఏదైనా ముందుగా ప్రకటించాలి. దాచిపెడితే విమానాశ్రయంలోనే జరిమానా పడుతుంది. మసాలా పొడుల్లో మనం గుర్తుంచుకోని గసగసాలు యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో నిషిద్ధం. బయలుదేరే ముందు పొట్లం మీద పదార్థాల పట్టిక చదవడం వాటి కోసమే.

ఒంటరిగా వండుకునేవారికి అన్నం మిగలడం సహజం. వండిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడుకును తట్టుకుని బతుకుతాయి, గది వేడిమిలో గంటల తరబడి ఉంచితే అవి పెరిగి విషాన్ని విడుస్తాయి, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. కాబట్టి వెడల్పాటి పళ్లెంలో పరిచి, గంటలోపు చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టి, మరునాటికల్లా తినేయడం క్షేమం.

ఊరు విడిచే రోజు గిన్నెలన్నీ కడిగి బోర్లించిన తరువాత కూడా ఒక పూట భోజనం చేయవలసి ఉంటుంది. అప్పుడు నాకు అక్కరకు వచ్చేది గోధుమ రవ్వతో చిన్న గింజల్లా చేసే కుస్‌కుస్. మొరాకో, అల్జీరియా, ట్యునీషియా ఇళ్లలో దాన్ని పలుమార్లు ఆవిరి మీద ఉడికిస్తారు. అల్జీరియా, మారిటేనియా, మొరాకో, ట్యునీషియా కలిసి ప్రతిపాదించగా 2020లో యునెస్కో ఆ సంప్రదాయాన్ని తన వారసత్వ జాబితాలో చేర్చింది. పెద్ద అంగళ్లలో దొరికే పొట్లంలోది ముందే ఆవిరి పట్టి ఎండబెట్టినది కాబట్టి ఆ శ్రమ అవసరం లేదు. ఒక గిన్నెలో కుస్‌కుస్, చిటికెడు ఉప్పు, చెంచాడు నూనె వేసి, దానికి సమానంగా కెటిల్‌లో మరిగిన నీరు పోసి మూతపెడితే ఐదు నిమిషాల్లో గింజలు ఉబ్బుతాయి. ముళ్ల చెంచాతో పొడిపొడిగా విడదీసి, మిగిలిపోయిన టమాటా, ఉల్లిపాయ, కొత్తిమీర తరిగి కలిపి, నిమ్మచెక్క పిండుకుంటే ఫ్రిజ్ ఖాళీ అవుతుంది, కడగవలసిన గిన్నె ఒక్కటే మిగులుతుంది.