మూడు రోజుల తరువాత

స్తంభం మీద లైన్‌మన్. కింద తలలు పైకెత్తి ఊరు ఊరంతా. ఆనందపురం దగ్గర మా అత్తయ్యవాళ్ల వీధికి మూడు రోజుల తరువాత కరెంటు వచ్చే ఘడియ.

పెరట్లో జీడిమామిడి చెట్టు వేళ్లతో సహా లేచి తీగల మీద పడింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకే తట్టుకున్న చెట్టు, పేరు కూడా లేని ఈ గాలివానకు ఒరిగింది. మామయ్య గొడ్డలి పట్టుకుని, వేటు వేయలేక, దాని చుట్టూ రెండుసార్లు తిరిగారు.

హుద్‌హుద్ అప్పుడు విశాఖలో పాల ప్యాకెట్ కోసం వరుసలో నిలబడ్డాము. ఇక్కడ పాలకు లోటు లేదు, నీళ్లకే. మోటారు తిరగదు కదా! పాత బావిలో చేద వేస్తే గిలక కిర్రుమంది. ఆ చప్పుడు విని ఎన్నేళ్లయిందో.

లైటు వెలిగింది. పిల్లలు కేరింతలు కొట్టారు. అత్తయ్య మాత్రం మోటారు వేయడానికి పరుగెత్తింది.