తమ్ముణ్ణి తోడు పంపిస్తానంటే వద్దంది

మా అమ్మాయికి పదహారేళ్ళు. ఇక్కడ జర్మనీలో, మా డ్యూసెల్‌డార్ఫ్‌లోనే ఒక మెటల్ (హోరెత్తించే రాక్ సంగీతం) కచేరీకి వెళ్తానంటే, తమ్ముణ్ణి వెంటబెట్టుకెళ్ళమన్నాను. "వాడికి పన్నెండేళ్ళమ్మా! నాకు వాడు కాపలానా? రేపు వాడు వెళ్తానంటే నన్ను తోడు పంపిస్తావా?" అంది. ససేమిరా ఒప్పుకోలేదు. నేనూ పట్టు వదల్లేదు.

ఆ పంతంలోనే అది వినే పాటల గురించి తెలుసుకోవడం మొదలుపెట్టాను. మగపిల్లల గోల అనుకునే ఈ సంగీతంలోకి ఆడవాళ్ళు నిన్నా మొన్నా రాలేదు. లండన్ అమ్మాయిల బ్యాండ్ గర్ల్‌స్కూల్ 1978లోనే మొదలైంది. మా ఊరి గాయని డోరో పెష్ 1986లోనే వార్‌లాక్ బ్యాండ్‌తో ఇంగ్లండ్‌లోని డోనింగ్టన్ రాక్ ఉత్సవంలో వేదికెక్కింది. పక్కనే ఉన్న కొలోన్ నుంచి వెళ్ళిన ఆంజెలా గోసోవ్, 2000లో స్వీడన్ బ్యాండ్ ఆర్చ్ ఎనిమీలో ఒక మగ గాయకుడి స్థానంలో చేరి, అంతే భీకరంగా గర్జించింది. మెటల్‌లో గొంతు బొంగురుగా చేసి ఇలా గర్జిస్తూ పాడటం ఒక పద్ధతి.

అందరికన్నా నన్ను పట్టుకున్నది వాయిస్ ఆఫ్ బాచెప్రోట్. ఇండోనేషియాలో గరుత్ ప్రాంతం పిల్లలు. హిజాబ్ వేసుకునే ముగ్గురమ్మాయిలు, 2014లో బడిలో ఉండగానే బ్యాండ్ పెట్టారు. ఆడపిల్లలకి ఇదేం సంగీతమని తిట్లు తిన్నారు, బెదిరింపులు భరించారు. 2022లో ఇక్కడి వాకెన్ మెటల్ ఉత్సవంలో, 2024లో ఇంగ్లండ్‌లోని గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవంలో వాయించారు. వాళ్ళ అమ్మలు మొదట్లో ఏమన్నారో తెలుసుకోవాలని నాకు ఎంతో కోరిక.

మా పిల్ల జీన్స్ కోటు మీద బ్యాండ్ల గుడ్డ బిళ్ళలు కుట్టుకుంటుంది. మామూలు దారం తెగిపోతుందని పళ్ళ సందులు శుభ్రం చేసుకునే ఫ్లాస్ సూదికెక్కిస్తుంది. బిళ్ళ అంచు వెంట ఒక్కో కుట్టూ దగ్గర దగ్గరగా, ఓపిగ్గా వేస్తుంది. గర్జన సాధన చేసేటప్పుడు పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి చూసుకుంటుంది. గొంతు నొప్పి పుడితే తప్పుగా చేస్తున్నట్టేనట, వెంటనే ఆపేస్తుంది. ఇంత శ్రద్ధని తిరుగుబాటు అని నేనెలా అనగలను?

కాబట్టి తోటి అమ్మానాన్నలకి చెప్పేదేమిటంటే, వద్దనే ముందు ఆ పాటలు మీరూ వినండి. మంచి ఇయర్‌ప్లగ్స్ కొనివ్వండి. గుంపులో ఎవరైనా పడిపోతే చుట్టూ ఉన్నవాళ్ళే చెయ్యిచ్చి లేపాలన్నది అక్కడి మర్యాద. అదే గుంపులో ఆడపిల్లల ఒంటి మీద చేతులు వేసేవాళ్ళూ ఉంటారు. ఎవరికి చెప్పాలో, ఎక్కడ నిలబడాలో ముందే మాట్లాడుకోండి.

ఇంత చెప్పాక కూడా నాకు టెన్షన్ తగ్గలేదు. నా భయం సగం ఆ గుంపు గురించి, సగం ఫొటోలు చూసి విజయవాడ నుంచి ఫోన్ చేసే మా అత్తగారి గురించి. ఏ సగం ఎక్కువో తేల్చుకోలేకపోతున్నాను. శనివారం కచేరీకి స్నేహితురాళ్ళతో వెళ్ళమన్నాను. వచ్చే ఏడాది వాకెన్‌కి, గుడారంలో రాత్రిళ్ళు ఉండేలా వెళ్తానంటోంది. దానికి మాత్రం ఇంకా ఊఁ అనలేదు. పద్దెనిమిది నిండాక నన్ను అడగనవసరం లేదని దానికీ తెలుసు, నాకూ తెలుసు.