ముందు తిథి, తర్వాత టికెట్: హైదరాబాద్ నుంచి జాలీ బాయ్ దీవికి

అండమాన్ వెళ్లే హైదరాబాదీలు ముందు విమానం టికెట్ కొని, ఆ తర్వాత ఏ రోజు ఏం చూడాలో ఆలోచిస్తారు. హేవ్‌లాక్ దీవి వరకూ అయితే అలా చేసినా నడుస్తుంది. జాలీ బాయ్ లాంటి దీవికి మాత్రం నడవదు. అక్కడ హోటల్ లేదు, దుకాణం లేదు, రాత్రి ఉండటానికి అనుమతి లేదు, పడవ ఆనడానికి జెట్టీ కూడా లేదు. పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేయాలి. మనకు దొరికే ఆ రెండు మూడు గంటలూ నీళ్లు ఎలా ఉంటాయన్న దాని మీదే ప్రయాణమంతా ఆధారపడి ఉంటుంది. అందుకే మేం క్యాలెండర్ గోడ మీంచి తీసి ముందు తిథి చూశాం. టికెట్ ఆ తర్వాతే కొన్నాం.

తిథి ఎందుకంటే, పౌర్ణమికీ అమావాస్యకీ సూర్యచంద్రుల లాగుడు ఒకే వరుసలో పడి పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా దిగుతుంది. పోర్ట్ బ్లెయిర్ దగ్గర ఆ రోజుల్లో నీటిమట్టం తేడా దాదాపు రెండు మీటర్లు ఉంటుంది. అష్టమి దాటాక ఒకటి రెండు రోజులకు ఆ తేడా మీటరు లోపుకి తగ్గుతుంది. తేడా తగ్గిందంటే దీవుల మధ్య ప్రవాహమూ మెత్తబడినట్టే. ఇంకో సంగతి కూడా ఉంది. పౌర్ణమి, అమావాస్యల దగ్గర ఇక్కడ పోటు నిండేది దాదాపు ఉదయం పది ప్రాంతంలో. పోటు నిండినప్పటి నుంచి ఆటు అడుగు దాకా సుమారు ఆరు గంటలు పడుతుంది. ఆ ఆరింటిలో మొదటి గంటలో దిగేది మొత్తంలో పన్నెండో వంతు, రెండో గంటలో రెండు వంతులు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి వంతులు. అంటే సగం నీరు ఆ రెండు గంటల్లోనే లాగేస్తుంది. పది నుంచి లెక్కేస్తే అది మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు వరకు. స్నార్కెలింగ్‌కి, అంటే మాస్కు, గొట్టం పెట్టుకుని నీటి పైన తేలుతూ అడుగు చూడటానికి, దిగినవాళ్లు నీళ్లలో ఉండేది, పడవలు తిరుగుముఖం పట్టేది సరిగ్గా అప్పుడే.

కాబట్టి మాకు పనికొచ్చింది మాఘమాసం. రథసప్తమి వెళ్లాక వచ్చే నవమి, దశమి ప్రయాణానికి బాగుంటాయి. అప్పటికి ఈశాన్య గాలి తగ్గుతుంది, వానలు ఉండవు. శివరాత్రి బహుళ చతుర్దశి నాడు, హోలీ పౌర్ణమి నాడు వస్తాయి కాబట్టి ఆ సెలవులు కలిసొచ్చాయని వెళితే పెద్ద పోటు రోజులే దొరుకుతాయి. సంక్రాంతి సౌరమానం పండుగ. దాని తిథి ఏటా మారుతుంది కాబట్టి ఆ ఏడాది విడిగా చూసుకోవాలి. ఇక వారం సంగతి: ఈ దీవి ఉన్న మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కుకి సోమవారం సెలవు. నవమి సోమవారం పడితే దశమికి జరుపుకోవాలి. మాది నవమి, బుధవారం.

1983లో ఏర్పాటైన ఆ పార్కులో పదిహేను దీవులు ఉన్నాయి. సందర్శకులను వదిలేది రెండింటికే, జాలీ బాయ్‌కి, రెడ్ స్కిన్‌కి. అదీ ఒకేసారి కాదు. సాధారణంగా నవంబర్ నుంచి మే మధ్య దాకా జాలీ బాయ్, మిగతా కాలంలో రెడ్ స్కిన్. పగడపు దిబ్బలకు ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వడానికి ఈ వంతులు పెట్టారు. ఏ నెలలో ఏది తెరుస్తారో బుకింగ్‌కి ముందే కనుక్కోవాలి. అటవీ శాఖ అనుమతి, పడవ టికెట్ రెండూ వేర్వేరు. చాలామంది పడవ టికెట్ చేతిలో ఉందని నిశ్చింతగా ఉండి, అనుమతి లేకుండా పడవలెక్కే వండూర్ జెట్టీ దాకా వెళ్లి వెనక్కి తిరుగుతుంటారు. డిసెంబర్, జనవరి నెలల్లో అనుమతులు త్వరగా అయిపోతాయి. ఆధార్ ఒరిజినల్ చేతిలో ఉండాలి, ఫోన్‌లో ఫొటో ఉంటే చాలనుకోవద్దు.

తిథి, వారం నెలల ముందే తెలుస్తాయి. అల తెలిసేది చివరి మూడు నాలుగు రోజుల్లోనే. దీనికి హైదరాబాద్‌లోనే ఒక వసతి ఉంది. దేశమంతటికీ సముద్రం పరిస్థితి చెప్పే కేంద్రం ఇన్కాయిస్ మన ప్రగతినగర్‌లోనే ఉంది. 1999 నుంచి పనిచేస్తోంది. సునామీ హెచ్చరికలు కూడా అక్కడి నుంచే వెళతాయి. సముద్రం వందల కిలోమీటర్ల దూరాన ఉన్న ఊళ్లో కూర్చుని అండమాన్ అలలు లెక్కగట్టడం వింతే గానీ, వాళ్ల వెబ్‌సైట్‌లో అండమాన్‌కి విడిగా అల ఎత్తు, దూరాన పుట్టి వచ్చే అలల రాక, గాలి వేగం, దిక్కు దొరుకుతాయి.

అక్కడ కనిపించే అంకెను చదవడం తెలియాలి. అల ఎత్తు ఒక మీటరు అని రాస్తే ప్రతి అలా మీటరే అని కాదు. ఉన్న అలల్లో పెద్దవి మూడో వంతు తీసి, వాటి సగటు చెబుతారు. అప్పుడప్పుడూ దానికి దాదాపు రెట్టింపు ఎత్తు అల కూడా వస్తుంది. ఎత్తుతో పాటు అలకీ అలకీ మధ్య వ్యవధి కూడా చూడాలి. నాలుగైదు సెకన్లు ఉంటే అది ఇక్కడి గాలి లేపిన అల, గాలి ఆగితే అదీ ఆగుతుంది. పన్నెండు, పద్నాలుగు సెకన్లు ఉంటే ఎక్కడో దక్షిణ సముద్రాల్లో పుట్టి నడిచొచ్చిన అల. ఇక్కడ ఆకు కదలకపోయినా ఒడ్డు మీద అది గట్టిగా విరుగుతుంది. జెట్టీ లేని దీవికి ఈ రెండో రకమే ప్రమాదకరం, ఎందుకంటే చిన్న పడవలోంచి ఇసుక మీదకి దిగాల్సింది ఆ అలలు విరిగే చోటనే. నా లెక్కలో ముప్పావు మీటరు లోపు హాయి, మీటరున్నర దాటితే ఇంకో రోజు చూసుకోవడం మేలు. గాలి పది నాట్లు, అంటే గంటకి పద్దెనిమిది కిలోమీటర్లు దాటితే నీటి పైభాగం చెదిరి అడుగున ఏమీ కనబడదు.

అల ముందే తెలియదు కాబట్టి అక్కడ ఒక రోజు ఖాళీ ఉంచుకోవాలి. దీవి ప్రయాణాన్ని మొదటి పూర్తి రోజునే పెట్టుకుని, సెల్యులార్ జైలు, రాస్ ద్వీపం లాంటివి తర్వాతకి నెట్టాం. పడవ రద్దయితే వాటితో మార్చుకోవచ్చు. దీన్ని ప్రయాణం చివరి రోజున పెట్టుకునేవాళ్లకి ఆ అవకాశం ఉండదు. రాస్ అంటే ఇప్పుడు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం, హేవ్‌లాక్ అంటే స్వరాజ్ ద్వీప్. పేర్లు 2018 డిసెంబర్‌లో మారాయి. పోర్ట్ బ్లెయిర్ కూడా 2024లో శ్రీ విజయపురం అయింది. బోర్డుల మీద ఒకటి, ఆటోవాళ్ల నోట ఇంకొకటి వినిపిస్తుంది.

శంషాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి నేరుగా వెళ్లే విమానం రెండున్నర గంటల లోపే దిగుతుంది. విశాఖ నుంచి ఓడ కూడా ఉంది, కానీ రెండు రోజులు దాటుతుంది, తరచుగా ఉండదు. దిగగానే గడియారం మార్చక్కర్లేదు గానీ మనసులో ఒక గంట సర్దుకోవాలి. రేఖాంశం లెక్కన అక్కడ సూర్యుడు హైదరాబాద్ కంటే సుమారు యాభై ఏడు నిమిషాలు ముందుంటాడు. ఎండ నడినెత్తికి వచ్చేది పదకొండున్నర దగ్గర, ఫిబ్రవరిలో సూర్యుడు అస్తమించేది ఐదున్నర దగ్గర. పది గంటల ఎండ మన పదకొండు గంటల ఎండతో సమానం.

ఊళ్లో తెలుగుకి కొదవ లేదు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ఎప్పుడో వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. హోటల్లో "అన్నా, పొద్దున్నే ఐదున్నరకి ఇడ్లీ కట్టిస్తారా?" అని అడిగితే, "కట్టిస్తాం గానీ డబ్బా మీరే తెచ్చుకోండి" అని జవాబు తెలుగులోనే వచ్చింది. డబ్బా మాట వాళ్లే ఎత్తడానికి కారణం ఉంది. జాలీ బాయ్‌కి ప్లాస్టిక్ పోనివ్వరు. జెట్టీ దగ్గర సంచులు విప్పి చూస్తారు. బిస్కెట్ ప్యాకెట్, చిప్స్ కవరు, నీళ్ల సీసా అన్నీ పక్కన పెట్టించేస్తారు. తీసుకువెళ్లక తప్పనిదానికి లెక్క రాసుకుని డిపాజిట్ కట్టించుకుంటారు, తిరిగొచ్చి చూపిస్తేనే డబ్బు వెనక్కి. ఆ వరుసలో అరగంట పోగొట్టుకోవడం కన్నా అన్నీ స్టీలులోకి మార్చుకుని వెళ్లడం మంచిది. తలకి లీటరున్నర నుంచి రెండు లీటర్ల నీళ్లు స్టీలు సీసాల్లో పెట్టుకోవాలి. దీవిలో తాగునీరు దొరకదు. తిండికి పులిహోర లేదా ఇడ్లీ. పెరుగన్నం ఆ వేడికి మధ్యాహ్నానికే పులుస్తుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న సకినాలు స్టీలు డబ్బాలో నిక్షేపంగా ఉంటాయి. తిన్న చెత్త కాగితం ముక్కతో సహా వెనక్కి తేవాలి.

పడవలెక్కే వండూర్ పోర్ట్ బ్లెయిర్ నుంచి దాదాపు ముప్పై కిలోమీటర్లు, గంట దారి. ఆరింటికి బయల్దేరితే సరిపోతుంది. దారిలో సిప్పీఘాట్ దగ్గర రోడ్డు పక్కన నీళ్లు నిలిచిన విశాలమైన మైదానం కనిపిస్తుంది. అది చెరువు కాదు, ఒకప్పటి పొలాలు. 2004 భూకంపంలో దక్షిణ అండమాన్ నేల ఒక మీటరు దాకా కుంగింది, సముద్రం లోపలికి వచ్చి అక్కడే ఉండిపోయింది. వండూర్ ఒడ్డున ఎండి నిలబడ్డ మోడులూ ఆ కాలానివే. అక్కడ ఈతకి హద్దు కట్టిన చోటు దాటి వెళ్లకూడదు. మడ అడవుల్లో ఉప్పునీటి మొసళ్లు ఉంటాయి, హెచ్చరిక బోర్డులు అలంకారానికి పెట్టినవి కావు.

వండూర్‌లో ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోవద్దు. అనుమతి కాగితం ముద్రించి తీసుకెళ్లాం, చిల్లర నగదుగా పెట్టుకున్నాం. తనిఖీ అయ్యాక తొమ్మిది ప్రాంతంలో పడవ కదిలింది. దారిలో చాలాభాగం మడ అడవుల మధ్య నుంచే, నీళ్లు అద్దంలా ఉంటాయి. వాంతుల భయం ఉన్నవాళ్లు ఇక్కడే పొరబడతారు. హాయిగా ఉంది కదా అని మాత్ర వేసుకోరు, చివర్లో బయటి సముద్రం తగలగానే తల పట్టుకుంటారు. మాత్ర పనిచేయడానికి సమయం కావాలి కాబట్టి డాక్టర్ని అడిగి గంట ముందే వేసుకోవాలి. పడవ మధ్యలో, కాస్త వెనగ్గా కూర్చుని దూరాన నీళ్లూ ఆకాశం కలిసే గీతను చూడాలి. ఖాళీ కడుపు ఇంకా చేటు.

దీవికి కాస్త దూరంలో పెద్ద పడవ లంగరు వేస్తుంది. అక్కడ్నుంచి అద్దం అడుగున్న చిన్న పడవలోకి మారాలి. రెండు పడవలూ వేర్వేరుగా లేచి పడుతుంటాయి, వాటి మధ్య సందులో చెయ్యి పెట్టకూడదు. చిన్న పడవ పైకి లేచిన క్షణంలో అడుగు వెయ్యాలి. చేతుల్లో సంచీ ఉండకూడదు, వీపుకి తగిలించుకోవాలి. మామూలు చెప్పులు నీళ్లలోకి దిగగానే తేలిపోతాయి. మడమకి పట్టీ ఉన్నవి లేదా నీళ్ల బూట్లు వేసుకుంటే పగడపు ముక్కలు గుచ్చుకోవు.

మేం దిగే వేళకి ఆటు అడుగుకి చేరువలో ఉంది. అష్టమి తర్వాతి ఆటు కాబట్టి మరీ లోతుకి పోలేదు. దిబ్బ పైన ఈదడానికి నీళ్లు చాలినంత ఉన్నాయి, అద్దంలోంచి చూసేవాళ్లకి పగడాలు దగ్గరగానూ ఉన్నాయి. పౌర్ణమి ఆటులో అయితే కొన్నిచోట్ల కడుపుకి పగడాలు గీసుకుంటాయి. కొమ్ముల్లా లేచినవీ, మెదడులా మడతలు పడ్డవీ, పెదవులు తెరిచిన పెద్ద ఆల్చిప్పలూ, ఇసుక మీద సముద్ర దోసకాయలూ కనిపిస్తాయి. చెవి పెడితే కరకరమని కొరుకుతున్న చప్పుడు వినబడేది చిలుక చేపలది. అవి పగడాన్ని కొరికి, నాచు మింగి, మిగిలిన పిండిని విసర్జిస్తాయి. కాళ్ల కింది తెల్లటి ఇసుకలో కొంత వాటి చలవే. కొన్ని పగడాలు రంగు పోయి, నాచు పట్టి ఉంటాయి. 2010 వేసవిలో నీరు వేడెక్కి అండమాన్‌లో పగడాలు పెద్దయెత్తున తెల్లబడ్డాయి. అన్నీ కోలుకోలేదు.

స్నార్కెల్ మాస్కు అద్దెకి దొరుకుతుంది. తీసుకునేముందు పట్టీ వెయ్యకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లాగాలి. చెయ్యి వదిలినా నిలబడితే అది సరైన కొలత. గుబురు మీసం ఉంటే పైపెదవి దగ్గర నీళ్లు కారతాయి, మాస్కుని ఎంత బిగించినా ఆగవు. ముందు రోజు అక్కడ కాస్త కత్తిరించుకోవడమే మందు. కళ్లద్దాలు మాస్కులో పట్టవు. కంటి పవర్ ఉన్నవాళ్లు ఇంట్లోనే పవర్ మాస్కు సంగతి చూసుకోవాలి. ఈత రానివాళ్లకి నీళ్లకన్నా నోటితో గాలి పీల్చడమే కొత్త, దాంతోనే కంగారు పడతారు. వెళ్లేముందు హైదరాబాద్‌లో ఏదో ఒక స్విమ్మింగ్ పూల్‌లో నడుము లోతు నీళ్లలో నిలబడి రెండు సాయంత్రాలు అభ్యాసం చేస్తే ఆ భయం పోతుంది. వీపుకి సన్‌స్క్రీన్ పూయడం కన్నా పూర్తి చేతుల చొక్కా వేసుకోవడం నయం. సన్‌స్క్రీన్‌లలో వాడే ఆక్సీబెంజోన్ పగడాలకి చేటు.

దీవిలో బట్టలు మార్చుకునే గదులు ఉన్నాయి, మంచినీటి స్నానం లేదు. ఒంటి మీద ఉప్పుతోనే పోర్ట్ బ్లెయిర్ దాకా రావాలి, కారు సీటు మీద పరుచుకోవడానికి ఒక పాత లుంగీ ఉంటే డ్రైవరుతో మాట పడనక్కర్లేదు. పిల్లల జేబులు అక్కడే వెతకడం మంచిది. పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందకి వస్తాయి. గవ్వ అనుకుని ఏరుకున్న ముక్క తిరుగు ప్రయాణంలో విమానాశ్రయం తనిఖీలో బయటపడితే సమాధానం చెప్పాల్సింది పెద్దవాళ్లే.